బడిలో కంప్యూటరు – పెద్దల బాధ్యత
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యవర్గం వారు మమ్మల్ని కోరారు. విద్య అంటే సముద్రం వంటిది. మగ్రిబ్ నమాజుకు వేళ దగ్గరపడుతున్నది. కనుక బడి గదిలోకి వచ్చి కూర్చున్న ఒక్క వస్తువును గురించే చెప్పి ముగిస్తాం. అది కంప్యూటరు. దాని పిల్లలైన టాబు, సెల్‌ఫోను కూడా అందులోకే వస్తాయి.

ఈ విషయమై మన దంతాలపల్లిలో రెండు పక్షాలున్నాయి. ఒక పక్షం వారు "ఈ డబ్బా వచ్చినంకనే పిల్లలు చెడిపోయిండ్రు, బడిల గూడ అదేనా?" అంటారు. రెండో పక్షం వారు "కంప్యూటర్ రాకుంటే ఇయ్యాల నౌకరీ ఎవడిస్తడు భాయ్? ఎంతసేపు కూసుంటే అంత మంచిది" అంటారు. మొదటివారి ఇంట్లో పిల్లవాని చేతిలో ఫోను వుండనే వుంటుంది. రెండోవారి ఇంట్లో పిల్లవాడు దానిమీద చేసేది చదువేనని కళ్ళారా చూసినవారు లేరు. ఉభయులూ పిల్లల మేలు కోరేవారే. అయినా ఉభయులూ చెయ్యని పని ఒకటున్నది. అది పిల్లవాని పక్కన కూర్చోవడం.

బడికి యంత్రం రావడం నిన్న మొన్నటి ముచ్చట కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఏడాదిపాటు అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం ద్వారా మన దేశంలో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారం చేశారు. నాటి ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఊరికొక పెట్టె, దానిముందు ఊరంతా. ఆ తరువాత 1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం పెట్టి, ఇంగ్లాండు నుండి వచ్చిన బి.బి.సి. మైక్రో కంప్యూటర్లను ముందుగా 250 బడులకు ఇచ్చింది. మనవంటి పల్లెలకు ఆ గాలి సోకలేదు. 2004 డిసెంబరులో బడులకు కంప్యూటర్ల కేంద్ర పథకం కొత్త రూపంలో వచ్చింది. 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటరు గదులు వచ్చాయి. వాటిని నడిపే పనిని ఒప్పందం మీద ప్రైవేటు కంపెనీలకు అప్పగించారు. ఒప్పందం తీరింది, కంప్యూటరు చెప్పే పిల్లగాళ్ళు వెళ్ళిపోయారు, గదికి తాళం పడింది. తాళం పడిన గదిలో ఎలుకలు తీగలు కొరికిన కథ మీలో చాలామందికి తెలుసు. 2022లో మొదలైన 'మన ఊరు – మన బడి' కార్యక్రమంలోని 12 అంశాలలో డిజిటల్ విద్య కూడా ఒకటి. ఇప్పుడు చాలా ఉన్నత పాఠశాలల్లో గోడకు పెద్ద తెరలు కనిపిస్తున్నాయి.

ఇంత చరిత్ర ఎందుకు చెప్పామంటే, యంత్రం రానంతకాలం యంత్రం లేదని బాధపడ్డాం. వచ్చినప్పుడల్లా దానిని నడిపే మనిషి సంగతి మరిచిపోయాం. 2016 అక్టోబరులో నర్సింహులపేట నుండి విడిపోయి దంతాలపల్లి కొత్త మండలమైనప్పుడు ఆఫీసులు వచ్చినాయని సంబరపడ్డాం, తరువాత సిబ్బంది కోసం ఎదురుచూశాం. అదీ ఇదీ ఒక తీరే.

ఇక సెల్‌ఫోను. మన ఇండ్లలో పిల్లల చేతికి దానిని ఇప్పించింది బడే. 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-సాట్ ద్వారా పాఠాలు ప్రారంభించారు. టీవీ లేని ఇల్లు, వున్నా కరెంటు లేని వేళ, ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇల్లు – ఏం చేస్తారు? మిర్చి అమ్మిన పైసలు పెట్టి, కొందరు వడ్డీకి తెచ్చి ఫోన్లు కొన్నారు. అంతవరకు "ఫోన్ ముట్టకు" అన్న తండ్రే "ఫోన్ పట్టుకో, సార్ చెప్పేది విను" అన్నాడు. ఏడాది తరువాత, 2021 సెప్టెంబరులో బడి తెరిచారు. పిల్లవాడు బడికి పోయాడు గానీ ఫోను ఇంటివారి చేతికి తిరిగి రాలేదు. ఇందులో తండ్రిని తప్పుపట్టే హక్కు ఎవరికుంది? ఇవ్వడానికి ఒక ఉత్తర్వు వచ్చింది, తిరిగి తీసుకోవడానికి ఏ ఉత్తర్వూ రాలేదు.

దేశంలోని గ్రామీణ ప్రాంతాల పిల్లల చదువును పరీక్షించే 'అసర్' నివేదిక 2024 సంవత్సరానిది మేము చూశాం. (ఈ అసర్ వేరు, మన నమాజు అసర్ వేరు, పేరు కలిసింది, అంతే.) 14 నుండి 16 సంవత్సరాల పిల్లల్లో నూటికి 82 మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చునట. అట్టివారిలో గడిచిన వారంలో చదువు పనికి వాడినవారు నూటికి 57 మంది. సోషల్ మీడియాకు వాడినవారు 76 మంది. తన ఖాతాను పరాయివారికి కనబడకుండా చేసుకోవడం తెలిసినవారు వారిలో సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. అంటే సగానికి దగ్గరగా పిల్లలు తలుపు లేని ఇంట్లో పడుకుంటున్నారన్నమాట. వాళ్ళకు తలుపు వెయ్యడం నేర్పవలసిన చోటు ఏది? ఇంట్లో మనకే రాదు. కాబట్టి బడే నేర్పాలి. బడిలో కంప్యూటరే వద్దనేవారు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలె.

పక్క రాష్ట్రంలో జరిగినది మనకు పెద్ద పాఠం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరు 21న ప్రారంభించి, ఎనిమిదో తరగతి పిల్లలకు, వారి ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా టాబులు పంచింది. అందులో బైజూస్ అనే కంపెనీ పాఠాలు ముందే నింపారు. వేరే బొమ్మలు తెరుచుకోకుండా కట్టడి కూడా పెట్టారు. పేద పిల్లకు, ధనవంతుని పిల్లకు ఒకే పాఠం అందాలన్న ఉద్దేశం ఎంత గొప్పది! కాదనేవారెవరు? కానీ కొద్ది రోజులకే కొందరు పిల్లలు ఆ కట్టడిని విప్పించి ఆటలు, సినిమాలు చూస్తున్నారని పత్రికలలో వార్తలు వచ్చాయి. పిల్లల తెలివిని తక్కువ అంచనా వెయ్యరాదు. మనం పెట్టే తాళానికి చెవి చేసేవాడు ఏడో తరగతిలోనే వుంటాడు. ఇక ఆ పాఠాల కంపెనీ 2024 జూలైలో దివాలా విచారణలోకి పోయింది. బడి చదువును ఒక కంపెనీ మీద ఆనించి నిలబెడితే కంపెనీ కదిలినప్పుడు చదువూ కదులుతుంది.

అదే ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఆగస్టులో విద్యార్థులు బడికి సెల్‌ఫోను తేరాదని, ఉపాధ్యాయులు కూడా తరగతిలోకి తీసుకుపోరాదని ఉత్తర్వు ఇచ్చారు. అంతకు నెల ముందు ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థ యునెస్కో ఒక నివేదిక వేసింది. ఒకసారి ఫోను వైపు మనసు మళ్ళిన విద్యార్థి తిరిగి పాఠంలో పడడానికి 20 నిమిషాల దాకా పట్టవచ్చని అందులో వ్రాశారు. మన బడుల్లో పీరియడు 45 నిమిషాలు. లెక్క మీరే వేసుకోండి. ఫ్రాన్సు దేశంలో 2018లోనే చిన్న తరగతుల వారికి బడిలో ఫోను నిషేధించారు. స్వీడన్‌వారు 2023లో తెరలు తగ్గించి అచ్చు పుస్తకాలు కొనడానికి డబ్బు కేటాయించారు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుండి 16 ఏండ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు వుండరాదన్న చట్టం అమలులోకి వచ్చింది. డబ్బున్న దేశాలు, మనకంటే ముందు ఈ వస్తువులను వాడిన దేశాలు ఇట్లా వెనక్కి తిరిగి చూసుకుంటున్నాయి.

కనుక మా అభిప్రాయం ఇది: బడిలో పిల్లల చేతికి సెల్‌ఫోను వుండరాదు. ఇందులో మాకు రెండో మాట లేదు. కానీ బడిలోని కంప్యూటరు వేరు. అది నలుగురి మధ్య వుండే వస్తువు. జేబులో పట్టదు, దుప్పటి కిందికి రాదు.

ఈ తేడా చిన్నది కాదు. 1999లో ఢిల్లీలోని కాల్కాజీలో సుగత మిత్ర అనే ఆయన ఒక గోడకు రంధ్రం చేసి, వీధి పిల్లలకు అందేటట్టు కంప్యూటరు పెట్టారు. ఎవరూ నేర్పకుండానే పిల్లలు దానిని నడపడం నేర్చుకున్నారని అది ప్రపంచమంతా పేరు పొందింది. ఉపాధ్యాయుడే అక్కరలేదని కొందరు దానికి అర్థం చెప్పారు. మాకు తోచేది వేరు. ఆ తెర బజారు వైపు తిరిగి వుంది. వచ్చేపోయేవారు చూస్తున్నారు, పదిమంది పిల్లలు గుమిగూడి వున్నారు. అక్కడ గురువు లేకపోవచ్చు, చాటు మాత్రం లేదు.

అదే మిత్ర, ఇంగ్లాండుకు చెందిన జేమ్స్ టూలీ, మరి కొందరు కలిసి మన హైదరాబాదులో పేద పిల్లలు చదివే ఒక బడిలో 16 మంది పిల్లలతో మరొక ప్రయత్నం చేశారు. దాని వివరాలు 2003లో ప్రచురించారు. పిల్లలు ఇంగ్లీషు చదివితే కంప్యూటరు విని అక్షరాల్లో వ్రాస్తుంది. మాట సరిగా పలకకపోతే తప్పు వ్రాస్తుంది. పిల్లలు బృందాలుగా కూర్చుని, ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటూ, సరిగా వ్రాసేదాకా పలికారు. ఐదు నెలలలో ఉచ్చారణ బాగుపడింది. ఇక్కడ యంత్రం పని ఒకటే, అది ముందే నిర్ణయించినది. పిల్లవానికి ఏం చెయ్యాలో తెలుసు, ఎప్పుడు పూర్తవుతుందో తెలుసు.

ఈ సంవత్సరం మేము మన పిల్లలు చదివే కొన్ని బడులలో కంప్యూటరు పీరియడు చూశాం. ఒకచోట 40 మంది పిల్లలకు 9 కంప్యూటర్లు పనిచేస్తున్నాయి. మొదటి పది నిమిషాలు ఏది ఎవరిదన్న తగాదాకే సరిపోయింది. మౌసు పట్టినవాడే రాజు. వాడు నాలుగు రోజులూ వాడే. ఆడపిల్లలు వెనుక నిలబడి తొంగిచూశారు. సారు గోడకు ఆనుకుని, పాపం, గొంతు చించుకుంటున్నారు. తెరలన్నీ గోడ వైపు వుండడం వల్ల ఎవరు ఏం చూస్తున్నదీ ఆయనకు తెలిసే వీలు లేదు. మరొకచోట ఒక మేడమ్ గారి తరగతి చూశాం. కంప్యూటర్లు అక్కడ ఇంకా తక్కువ. కానీ తరగతి నడిచిన తీరు చూసి మేము అరగంట కదలలేదు.

ఆమె బల్లలన్నీ గోడల వెంట వేయించారు. తెరలన్నీ గది మధ్యకు తిరిగి వున్నాయి. మధ్యలో నిలబడితే ఒక్క చూపులో అన్నీ కనబడతాయి. పిల్లలు ముందుగా కాగితం మీద పని చేసుకుని రావాలి. ఆనాటి పని: ఐదు బస్తాల మిర్చి, ఒక్కొక్క దాని తూకం, క్వింటాలు ధర, కమీషను, హమాలీ ఖర్చు – అన్నీ పోగా రైతు చేతికి ఎంత వస్తుంది? కాగితం మీద లెక్క చూపిన జట్టుకే కంప్యూటరు ముందు చోటు. జట్టుకు ముగ్గురు. ఒకరు మీటలు నొక్కుతారు, ఒకరు చెబుతారు, ఒకరు తప్పులు చూస్తారు. ఏడెనిమిది నిమిషాలకు గంట కొడితే జరుగుతారు. ఆమె మాట్లాడవలసి వచ్చినప్పుడు రెండు చప్పట్లు కొడతారు. అందరూ తెర మీట ఆర్పి ఇటు తిరగాలి. వెలుగుతున్న తెరకు ఎదురుగా మాట్లాడి గెలిచిన ఉపాధ్యాయుడు లేడని ఆమె నవ్వుతూ అన్నారు. తలుపు దగ్గర ఒక పట్టీ వున్నది. ఏ యంత్రం మీద ఏ తేదీన ఎవరు కూర్చున్నారో పిల్లలే వ్రాయాలి. ఇంటర్నెట్ ఆ రోజు అక్కరలేదు, కనుక తీగ పీకి సొరుగులో పెట్టారు.

వీటిలో ఒక్కదానికీ రూపాయి ఖర్చు లేదని గమనించాలి. ఖర్చు లేకుండా దొరికే సాధనాలు మరికొన్ని కూడా వున్నాయి. వేయాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వేస్తే ఉపాధ్యాయుని కంప్యూటరులో పిల్లల తెరలన్నీ చిన్న చిన్న బొమ్మలుగా కనిపిస్తాయి. అవసరమైతే అన్ని తెరలను ఒకేసారి ఆపవచ్చు. అయితే ఇట్లా చూస్తున్నామని పిల్లలకు ముందే చెప్పాలని మా గట్టి అభిప్రాయం. దొంగచాటుగా చూసే పద్ధతి పిల్లలకూ దొంగచాటే నేర్పుతుంది.

ఇక జవాబులు చెప్పే కృత్రిమ మేధ వచ్చింది. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చిన తరువాత తెలుగులో వ్యాసం అడిగినా వ్రాసి ఇస్తున్నది. పిల్లవాడు దానిని చూసి కాపీ చేసి తెస్తే మార్కులు వేసేవాడు ఏం చెయ్యాలి? ఆ మేడమ్ గారి మిర్చి లెక్క వంటిదే దీనికి మందు అని మాకు తోచింది. మీ ఇంటి పొలం, మీ నానీమా చిన్ననాటి బడి, మీ వాడకట్టు బోరింగు నీళ్ళు – వీటి మీద ప్రశ్న వేస్తే పిల్లవాడు లేచి పోయి మనిషిని అడగవలసిందే.

ఇంతవరకు చెప్పినది సులువైన భాగం. అసలు చెప్పవలసినది ఇప్పుడు చెబుతాం. కొందరికి కష్టం కలుగవచ్చు, మన్నించండి.

ఈ చుట్టుపక్కల ఒక ఊళ్ళో తొమ్మిదో తరగతి చదివే మన బిడ్డ ఒకతె వుంది. బడిలో అందరూ కలిసి దిగిన ఫోటోలోంచి ఆమె ముఖం ఒక్కటే కత్తిరించి, ఏదో మాట వ్రాసి, తోటి పిల్లలెవరో ఫోన్లలో తిప్పారు. ఆ బిడ్డకు ఫోనే లేదు. ఆమె చేసిందేమీ లేదు. ఫోటో తిప్పిన పిల్లవాని దగ్గర ఫోను నాలుగు రోజులు తీసుకుని ఐదో రోజు ఇచ్చారు. ఆ బిడ్డను మాత్రం బడి మాన్పించారు. మేము రెండుసార్లు పోయి తండ్రితో మాట్లాడాం. ఆయన చెడ్డవాడు కాదు. "భాయ్, నలుగురి నోళ్ళు ఎవరు మూస్తరు?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ బిడ్డ ఇప్పటికీ ఇంట్లోనే వుంది. సంబంధాలు చూస్తున్నారని విన్నాం. ఆమెకు లెక్కల్లో మంచి మార్కులు వచ్చేవి.

సాంకేతికం వల్ల పిల్లలు చెడిపోతారని మనం ఉపన్యాసాలు ఇస్తాం. చెడిపోయినదని భయం వేసినప్పుడు మూల్యం చెల్లించేది ఎవరు? ఆడపిల్ల. కంప్యూటరు గదిలో వెనుక నిలబడేదీ ఆమే, గొడవ వస్తే ఇంటికి వచ్చేదీ ఆమే. లేనివారి గురించి చాటున మాట్లాడడం, అంటే గీబత్, ఎంత పాపమో జుమా ఖుత్బాలో ఎన్నిసార్లు విన్నాం! ఆ ఫోటోను మరొకరికి పంపిన పెద్దవాళ్ళు కూడా వున్నారని మాకు తెలుసు. పేర్లు చెప్పం. ఇటువంటిది జరిగితే పిల్లల సహాయానికి 1098 నంబరు వున్నది, 2014 నుండి మన రాష్ట్రంలో షీ టీములు వున్నాయి. డబ్బు మోసమైతే 1930కి చెప్పాలి. సిగ్గుపడి దాచవలసిన పని చేసినవాడు దాచుకుంటాడు గానీ, ఏమీ చెయ్యని బిడ్డ ఎందుకు దాగాలి?

మన పెద్దలలో ఒకప్పుడు నమాజుకు మైకు వాడవచ్చునా కూడదా అన్న చర్చ జరిగింది. ఉలమాలు నిదానంగా ఆలోచించారు, వాదించుకున్నారు. ఈ రోజు మైకు లేని మసీదు మన మండలంలో చూపండి. వస్తువు వచ్చినప్పుడు తొందరపడకుండా తర్కించడం మన సంప్రదాయంలోనే వున్నది. దానికి హద్దు ఎక్కడ పెట్టాలో తేల్చడమూ వున్నది. మొదటి వహీలో వచ్చిన మొదటి మాట 'ఇఖ్రా' – చదువు. అది మగపిల్లవానికి ఒక్కనికే వచ్చిన ఆజ్ఞ అని ఏ ఆలిమూ చెప్పలేదు.

ఇంటి సంగతి రెండు మాటల్లో. రాత్రి భోజనాల తరువాత ఫోన్లన్నీ ఒక చోట పెట్టండి, తండ్రి ఫోను కూడా. పిల్లకు పాఠం కోసం ఫోను ఇవ్వవలసి వస్తే, ఆండ్రాయిడ్ ఫోనులో ఒక్క పాఠమే కనబడేటట్టు తెరను బిగించే ఏర్పాటు వున్నది, దానిని పిన్ చెయ్యడం అంటారు. నేర్చుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు. పైసలు పెట్టి ఆడే ఆటలు మన రాష్ట్రంలో 2017 నుండి, దేశమంతటా 2025 చట్టం ప్రకారం నిషేధం. ఇది పిల్లలకంటే ముందు మన యువకులకు చెప్పవలసిన మాట. మన సంఘం వాట్సాప్ గ్రూపులో తెల్లవారుజామున వచ్చే పూల బొమ్మలు కూడా కాస్త తగ్గితే మంచిది. పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటున్నారు.

ఇక సంఘం ముందున్న విషయం. దాతలు నాలుగు కంప్యూటర్లు ఇచ్చారు. కార్యాలయం పక్క గదిలో మూట విప్పకుండా వున్నాయి. వాటిని మగపిల్లల కోసమే తెరవాలని ఒక సూచన, గొడవలు ఎందుకని అసలు తెరవవద్దని మరొక సూచన వచ్చాయి. మేము రెండింటినీ వ్యతిరేకిస్తున్నాం. అసర్ నుండి మగ్రిబ్ దాకా ఆడపిల్లలకు, మగ్రిబ్ నుండి ఇషా దాకా మగపిల్లలకు వేళ పెట్టండి. తెరలు తలుపు వైపు తిప్పండి, తలుపు తెరిచి వుంచండి. డిగ్రీ చదివిన మన ఆడబిడ్డలు ఇద్దరు రోజు మార్చి రోజు కూర్చుంటామని ఒప్పుకున్నారు. మగపిల్లల వేళకు ఇంకా ఎవరూ ముందుకు రాలేదు. నాలుగేండ్లుగా నిరుద్యోగం గురించి మాతో వాదించే యువకులు ఇక్కడే వెనుక వరుసలో వున్నారు. వారి పేర్లు ఈ రోజే కావాలి.

ఆ తొమ్మిదో తరగతి బిడ్డ తండ్రి కూడా ఈ సభకు వచ్చారు. ఆయనను గుర్తుపట్టినవారు దయచేసి ఏమీ అడగవద్దు. ఆ గదిలో మొదటి పట్టీలో మొదటి పేరు ఆమెదిగా వ్రాయమని మేము కోరాం. ఆయన ఆలోచించి చెబుతామన్నారు. పేర్లు వ్రాసే పుస్తకం కోశాధికారి గారి బల్ల మీద వున్నది. నమాజు తరువాత మళ్ళీ కూర్చున్నప్పుడు తీర్మానం ప్రవేశపెడతాం.